మెయిల్ రావట్లేదంటే కంప్యూటర్ పాడైందని కాదు



పోస్టు కొంచెం పెద్దదే. తీరిగ్గా ఉన్నప్పుడే చదవండి, కానీ చదవండి. మా రూమ్‌లో ఒక తమ్ముడి అవకాశం పోయింది. పోవడానికి కారణం మార్కులు కాదు, కుల ధ్రువీకరణ పత్రం కాదు, డబ్బు కూడా కాదు. ఒక మెయిల్ బాక్సు నిండిపోయింది, అంతే. నిండిన సంగతి మూడు వారాలు మాలో ఎవరికీ తెలీలేదు.

మేము తాడేపల్లిలో కృష్ణా కెనాల్ స్టేషన్‌కి దగ్గరలో ఐదుగురం ఒక రూమ్‌లో ఉంటాం. ఇద్దరు సుగాలీలు, ఒక ఎరుకల తమ్ముడు, ఒక యానాది తమ్ముడు, దోర్నాల వైపు నుంచి వచ్చిన ఒక చెంచు తమ్ముడు. బ్యారేజీ దాటితే బెజవాడ, కోచింగులన్నీ అక్కడే. అద్దె ఇటు పక్క తక్కువని ఇటు ఉంటున్నాం. రూమ్‌లో ఒక పాత కంప్యూటర్ ఉంది. సీనియర్లు చందాలేసుకుని సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, పోతూ పోతూ మాకు వదిలేశారు. దాంతో పాటు ఒక జీమెయిల్ కూడా వదిలేశారు. 2017లో ఒక అన్న తెరిచిన మెయిల్ అది. అప్పటి నుంచి ఈ రూమ్‌లో ఎవరు ఏ ఫారం నింపినా ఆ మెయిలే ఇస్తున్నారు. మేమూ అదే ఇచ్చాం.

ఆ మెయిల్‌ని మేము బ్రౌజర్‌లో తెరిచేవాళ్లం కాదు. సీనియర్లు థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాం పెట్టి ఉంచారు. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే కొత్త మెయిళ్లు దించుకునేది. తర్వాత నెట్ ఆపేసినా చదువుకోవచ్చు. డేటా తక్కువ ఉన్నోళ్లకి బాగా పనికొచ్చేది.

సంక్రాంతికి ముందు అందులో కొత్త మెయిళ్లు రావడం ఆగిపోయింది. ఎర్రగా ఏ మెసేజూ చూపించలేదు, ఏ బాక్సూ పాప్ అవలేదు. ‘గెట్ మెసేజెస్’ నొక్కితే తిరిగేది, ఆగేది, కొత్తవి లేవనేది. నిజం చెప్పాలంటే మాకు హాయిగానే అనిపించింది, ప్రకటనల గోల తగ్గిందనుకున్నాం. చెంచు తమ్ముడు ఒక ఫెలోషిప్‌కి పెట్టుకుని సర్టిఫికెట్ల పరిశీలన పిలుపు కోసం చూస్తున్నాడు. రోజూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి నొక్కి చూసేవాడు. రాలేదు అంటే ఇంకా పిలవలేదు అనుకున్నాడు. మేమూ అదే చెప్పాం: “వస్తదిలేరా, వాళ్ల పనులన్నీ ఇట్టాగే ఉంటయ్.”

చివరికి వాడే ఉండబట్టలేక ఆ ఆఫీసుకి ఫోన్ చేశాడు. “మెయిల్ పంపాం కదా, తారీఖు అయిపోయింది, నువ్వు రాలేదు” అన్నారు. రాలేదు సార్ అని వీడు, పంపామని వాళ్లు. ఆఖర్న అవతల మనిషి ఒక మాట అన్నాడు: “నీది వెనక్కి కూడా వచ్చిందిలే.” ఫోన్ పెట్టేశాక గాని ఆ మాట మాకు తట్టలేదు. వెనక్కి రావడం ఏంది? మెయిల్ వెనక్కి వస్తదా?

ఆ రోజు మేము చేసిన మొదటి పని తప్పు పని. కంప్యూటర్ పాడైందనుకుని బాగుచేసే అతన్ని పిలిచాం. అతను చూసి, “విండోస్ పాతదైపోయింది, ఫార్మాట్ కొడితే సరిపోద్ది, ఐదొందలు” అన్నాడు. ఇచ్చేసేవాళ్లమే. ఎరుకల తమ్ముడు అడ్డం పడ్డాడు. ఆ ప్రోగ్రాంలో ‘లోకల్ ఫోల్డర్స్’ అని ఎడమ పక్కన ఉంటయ్, అందులో సీనియర్ల హాల్ టికెట్లు, మార్కుల లిస్టులు, కుల పత్రాల స్కాన్లు ఉన్నయ్. అవి సర్వర్‌లో లేవు, ఈ హార్డ్ డిస్క్‌లోనే ఉన్నయ్. ఫార్మాట్ కొడితే అవన్నీ పోయేవి, మెయిల్ మాత్రం వచ్చేది కాదు. ఇది చదివేవాళ్లు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి: మెయిల్ రావట్లేదని ఎవరన్నా ఫార్మాట్ అంటే, ముందు ఆ ఫోల్డర్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకునేదాకా కంప్యూటర్ మీద చెయ్యి వేయనీయొద్దు.

తర్వాత చేసిన పని చాలా చిన్నది, మొదట్లోనే చేయాల్సింది. ఒక తమ్ముడి ఫోన్‌లో ఉన్న వేరే మెయిల్ నుంచి రూమ్ మెయిల్‌కి ‘హాయ్’ అని పంపాం. ఇది రాలేదు, కానీ పంపిన ఫోన్‌కి ఒక ఇంగ్లీషు మెయిల్ వెంటనే వచ్చింది. భయపడకుండా మొత్తం చదివితే మధ్యలో 552 అని ఒక అంకె, పక్కన ‘ఓవర్ కోటా’ అన్న మాట. అంటే బాక్సు నిండింది, ఇంక పట్టదు అని. పోస్ట్‌మ్యాన్ రిజిస్టర్డ్ కవరు వెనక్కి పంపేటప్పుడు దాని మీద ‘తలుపు తాళం’ అనో, ‘చిరునామాలో లేరు’ అనో రాస్తాడు చూడండి, అట్టాంటిదే ఇది. మెయిల్ వెనక్కి వస్తే అందులో కారణం రాసి ఉంటది. మనం దాన్ని చదవం.

థండర్‌బర్డ్ ఎందుకు చెప్పలేదు మరి? చెప్పడానికి దాని దగ్గర ఏమీ లేదు. సర్వర్‌లో కొత్తవి ఉంటే దించుద్ది, లేకపోతే లేవంటది. బాక్సు నిండి మెయిళ్లు గుమ్మం బయటి నుంచే తిరిగిపోతుంటే లోపలున్న దానికి ఏం తెలుస్తది? జీమెయిల్‌ని బ్రౌజర్‌లో తెరిచి ఉంటే నిండిపోయిందని పైనే చూపించేది. మేము ఏళ్లుగా తెరవలేదు.

సరే, తెరుద్దాం అంటే పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు! సీనియర్లు ఎప్పుడో ఒకసారి గూగుల్ పేజీలో అనుమతి ఇచ్చేశారు, ఆ అనుమతితోనే ప్రోగ్రాం నడుస్తోంది. ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కితే కోడ్ పంపుతానని ఒక నంబరు చివరి అంకెలు చూపించింది. అది మెయిల్ తెరిచిన అన్నది. ఆయన ఇప్పుడు హైదరాబాద్‌లో పని చేస్తున్నాడు. ఫోన్ చేస్తే, “ఆ సిమ్ వదిలేసి రెండేళ్లయింది తమ్ముడూ” అన్నాడు. మూసేసిన నంబరుని 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వకూడదు, ఆ తర్వాత ఇవ్వొచ్చు. ఆ లెక్కన మా ఐదుగురి దరఖాస్తుల తాళంచెవి ముక్కూమొహం తెలియని ఎవరి జేబులోనో ఉండి ఉండొచ్చు.

అసలు బాక్సు ఎట్టా నిండింది? జీమెయిల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఆ 15 జీబీ ఒక్క మెయిళ్లకే కాదు, డ్రైవ్‌కీ, గూగుల్ ఫోటోస్‌కీ కూడా కలిపే. 2021 జూన్ 1కి ముందు కొంచెం క్వాలిటీ తగ్గించి ఎక్కించిన ఫోటోలు లెక్కలోకి వచ్చేవి కాదు, ఆ తేదీ తర్వాత ఎక్కినవన్నీ లెక్కే. మా మెయిళ్లన్నీ కలిపినా ఒక జీబీ ఉండవు. మరి ఫోటోలు ఎవరివి?

మా సుగాలీ తమ్ముడికి అప్పుడు గుర్తొచ్చింది. ఇంటర్‌లో ఉండగా మొదటి ఫోన్ కొన్నప్పుడు ప్లే స్టోర్ తెరవడానికి మెయిల్ కావాలంటే, ఇక్కడే ఉన్న వాళ్ల అన్నని అడిగి ఈ మెయిలే కొట్టాడు. తర్వాత కొత్త ఫోన్ కొని పాతది ఇంట్లో ఇచ్చాడు. ఇల్లు మాచర్ల వైపు తండాలో. ఆ ఫోన్ అప్పటి నుంచి తండాలో తీసిన ప్రతి ఫోటో, ప్రతి వీడియో మా మెయిల్‌లోకి ఎక్కిస్తానే ఉంది. అక్క పెళ్లి, తీజ్ పండగ, మేకపిల్లలు, పోయిన ఏడు చనిపోయిన తాత.

ఇంటికి ఫోన్ చేశాం. తమ్ముడి చెల్లెలు గురుకులంలో తొమ్మిది చదువుతోంది, సంక్రాంతి సెలవులకి ఇంట్లో ఉంది. ఆ పిల్లకి మా తమ్ముడు గోర్‌బోలిలో ఒక్కో మెట్టూ చెప్పాడు. ఎక్కడ నొక్కాలో, ఏం కనపడుతోందో ఆ పిల్ల చదివి చెప్పేది. మాకు భాష రాదు, మధ్యలో ‘స్టోరేజ్’ అన్న మాట వచ్చినప్పుడల్లా తలూపేవాళ్లం. పదమూడు జీబీ పైన ఫోటోలే ఉన్నయ్. తీసేద్దాం అంటే వాళ్లమ్మ ఫోన్ లాక్కుంది. మెయిల్ కోసం మా నాన్న ఫోటోలు తీసేస్తారా అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. అక్కడ తీసేస్తే ఫోన్‌లో కూడా పోతయ్ మరి.

ఆదివారం తమ్ముడు గుంటూరు మీదుగా ఇంటికి పోయాడు. మాచర్లలో ఒక ఫోటో స్టూడియోలో 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి అన్నీ ఎక్కించి, అన్నీ తెరుచుకుంటున్నయ్యని వాళ్లమ్మకి చూపించాకే ఫోటోస్‌లో తీసేశాడు. తీసేస్తే చాలదు, అందులో చెత్తబుట్ట ఉంటది, అది కూడా ఖాళీ చేయాలి. లేకపోతే 60 రోజులు అక్కడే కూర్చుంటయ్. బ్యాకప్ ఆపేశాడు. పాస్‌వర్డ్ మార్చబోతే, లాగిన్ అయి ఉన్న ఆ ఫోన్‌కే ‘ఇది మీరేనా’ అని వచ్చింది. అవును అని నొక్కి కొత్తది పెట్టాడు, పాత నంబరు తీసేశాడు. ఇక్కడ థండర్‌బర్డ్ మళ్లీ లాగిన్ అడిగింది, చేశాం. సాయంత్రానికి మెయిల్ వచ్చింది. చెప్పుల కంపెనీ ఆఫర్ అది.

తిరిగిపోయిన మెయిళ్లు మాత్రం రాలేదు. బాక్సు ఖాళీ అయ్యాక అవి వాటంతటవి రావు, పంపినోళ్లు మళ్లీ పంపాల్సిందే. తమ్ముడు ఆ ఆఫీసుకి తిరిగొచ్చిన మెయిల్ నకలు పెట్టి అర్జీ రాశాడు. గడువు దాటింది, వచ్చే ఏడు చూసుకోమన్నారు.

ఇంక మా అభిప్రాయం.

ఈ తప్పులో సగం మనదే, అది ముందు ఒప్పుకుందాం. మనోళ్లలో పంచుకోవడం ఎక్కువ. రూమ్‌లో ఒకడికి బియ్యం ఉంటే అందరికీ ఉన్నట్టే. ఇంటర్వ్యూకి పోయేటోడు ఎవడి చొక్కా అయినా వేసుకుపోతాడు. మెయిల్ కూడా అట్టాగే వాడుకున్నాం. కానీ మెయిల్ చొక్కా లాంటిది కాదు, అది వేలిముద్ర. ఎన్‌టీఏ వాళ్లు తమ సమాచార పుస్తకంలోనే మెయిలూ ఫోన్ నంబరూ అభ్యర్థివి గాని, తల్లిదండ్రులవి లేదా సంరక్షకులవి గాని అయి ఉండాలని రాస్తున్నారు. ఆ పేజీ మనం చదవం, నెట్ సెంటర్ అతను మన తరఫున చదవడు. రోజుకి వంద ఫారాలు నింపేటోడికి తన మెయిల్ కొట్టేయడమే తేలిక. ఆయన చెడ్డోడని కాదు. కానీ మనకొచ్చే ఉత్తరం ఆయన షాపులో పడి ఉంటది.

తండాలో, గూడెంలో పెద్దోళ్లని అడగండి. ఒకప్పుడు ఉత్తరాలు ఎక్కడ ఆగేవో చెబుతారు. పెద్దూళ్లో కిరాణా కొట్టులోనో, ఎవరో పెద్దమనిషి అరుగు మీదో పడేసి పోయేవాళ్లు. మనోళ్లు సంతకి పోయినప్పుడు అడిగితే ఇచ్చేవాళ్లు, అడక్కపోతే అక్కడే ఉండేది. పింఛను కాగితం, కోర్టు కాగితం అట్టా ఆగిపోయిన కథలు ప్రతి ఇంట్లో ఉన్నయ్. ఇప్పుడు అరుగు పోయి నెట్ సెంటర్ వచ్చింది.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మా దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. జూనియర్లకి దరఖాస్తులు నింపి పెట్టినప్పుడు వాళ్ల మెయిళ్లు, పాస్‌వర్డులు అందులో రాసి ఉంచేవాళ్లం. మర్చిపోతారని, మంచి ఉద్దేశంతోనే. మొన్న ఆ కాగితాలు చించి కాల్చేశాం. అందులో పేరున్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి పాస్‌వర్డ్ మార్చుకోమని చెబుతున్నాం, ఇంకా పదకొండు మంది దొరకాలి. సంఘాల్లో ఇట్టాంటి పుస్తకాలు చాలా చోట్ల ఉన్నాయని మాకు తెలుసు. అన్నలు కోపం తెచ్చుకోకండి, మీరూ కాల్చేయండి.

మిగతా సగం తప్పు మనది కాదు. మెయిల్ వెనక్కి వచ్చిందని ఆ ఆఫీసుకి తెలుసు. ఫారంలో తమ్ముడి ఫోన్ నంబరు ఉంది, అది పనిచేస్తోంది, ఆ ఫోన్ నుంచే కదా వాడు వాళ్లకి చేసింది. ఒక్క ఎస్ఎంఎస్ పంపితే అయిపోయేది. విదేశాల్లో చదవడానికి కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ దేశం మొత్తం మీద ఏటా 20 మందికే, అందులో చెంచుల లాంటి ప్రత్యేకంగా వెనకబడిన తెగలకి 3. తమ్ముడు పెట్టింది అది కాదు, కానీ లెక్క ఇట్టా ఉంటది. ఇంత కొద్ది మంది కోసం పెట్టిన వాటిల్లో, వెనక్కి వచ్చిన మెయిల్‌ని ‘అభ్యర్థి హాజరు కాలేదు’ అని రాసేయడం న్యాయం కాదు. మేము అడిగేది పెద్దది కాదు. మెయిల్ తిరిగొస్తే ఫోన్ చేయాలి. ఫోన్ కలవకపోతే గ్రామ సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుడికి చెప్పాలి. 2019 అక్టోబర్ 2 నుంచి ప్రతి ఊరికీ సచివాలయం ఉందని చెప్పుకుంటున్నాం కదా, ఒక పిల్లాడికి కబురు చేరేయడానికి అది పనికి రాదా? ఈ రెండు మాటలతో వినతి పత్రం రాస్తున్నాం, సంతకాలు పెట్టేవాళ్లు చెప్పండి.

పోయిన వారం ఈ సంగతి నోటిమాటగా చెప్తే ఒక అన్న, “ఎవరి మెయిల్ వాళ్లు తెరుచుకుంటే సరిపోలా, ఇంత కథ ఎందుకు” అన్నాడు. సరిపోదు అన్నా. మన అమ్మాయిల్లో చాలామందికి సొంత ఫోన్ లేదు, హాస్టల్లో అసలు ఉంచుకోనివ్వరు. సిమ్ నాన్న పేరు మీద ఉంటది, నాన్న మిరప కోతలకి పోతే ఫోన్ ఆయనతో పోద్ది. కోతలు అయిపోయి చేతిలో డబ్బు లేకపోతే రీచార్జ్ ఆగిద్ది, కొన్నాళ్లకి నంబరే పోద్ది. అందుకే మెయిల్ తెరిచినప్పుడే ఇంకో పని చేయాలి. రెండంచెల భద్రత ఆన్ చేస్తే గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తది. పాస్‌వర్డ్ గుర్తుండి ఫోన్ దగ్గర లేనప్పుడు ఆ కోడ్‌తో లోపలికి పోవచ్చు. వాటిని కాగితం మీద రాసి టెన్త్ మెమో ఉండే ఫైల్లో పెట్టండి. రికవరీ మెయిల్‌గా పోటీ పరీక్షల స్నేహితుడిది కాకుండా ఇంట్లో అక్కదో అన్నదో ఇవ్వండి.

వేరే రూముల వాళ్లు అడిగిన రెండు మూడు కూడా ఇక్కడే చెప్పేస్తాం. పాత అవుట్‌లుక్‌లో పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా మళ్లీ మళ్లీ అడుగుతోందంటే మీ తప్పు కాదు. 2022 మే 30 నుంచి గూగుల్ ఉత్త పాస్‌వర్డ్‌తో వచ్చే పాత ప్రోగ్రాంలని ఆపడం మొదలుపెట్టింది. రెండంచెల భద్రత ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని అది కొట్టాలి, లేదా కొత్త థండర్‌బర్డ్ వేసుకోవాలి. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తే మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పైతే సురక్షిత కనెక్షన్ కుదరదు, మెయిల్ రాదు. వాచీలు బాగుచేసే కొట్లో కూడా ఆ బిళ్ల దొరుకుద్ది. స్పామ్ ఫోల్డర్ వారానికి ఒకసారి చూడండి, 30 రోజులు దాటితే అందులోవి వాటంతటవే పోతయ్. ఎప్పుడో తెరిచి వదిలేసిన మెయిల్ ఉంటే ఒకసారి లాగిన్ అవ్వండి, రెండేళ్లు ముట్టుకోని ఖాతాల్ని గూగుల్ తీసేస్తది.

వచ్చే రెండో ఆదివారం నుంచి పొద్దున పది నుంచి మా రూమ్‌లో కూర్చుంటాం. ఫోన్ ఉంటే ఫోన్, లేకపోతే నాన్న సిమ్ తీసుకుని రండి. పాస్‌వర్డ్ మీరే కొట్టాలి, మేము గోడ వైపు తిరిగి ఉంటాం. అమ్మాయిలు రూమ్‌కి రావడం కుదరదు కాబట్టి వాళ్ల హాస్టల్లోనే ఒక సాయంత్రం ఇవ్వమని వార్డెన్ మేడమ్‌ని అడిగాం, చూద్దాం అన్నారు.

చెంచు తమ్ముడు కొత్త మెయిల్ తెరుచుకున్నాడు. పేరు, ఇంటిపేరు, పుట్టిన ఏడు, అన్నీ వాడివే. నంబరు వాళ్ల నాన్న సిమ్‌ది. ఆ సిమ్‌కి రీచార్జ్ మార్చి ఆఖరు దాకా ఉంది. ఆ తర్వాతది రూమ్ ఖర్చులో రాశాం.